ఎల్బీనగర్‌లో దిగనివాళ్లు

మొన్న సోమవారం పొద్దున నల్లగొండ నుంచి వస్తుంటే చౌటుప్పల్‌లో ఒక పిల్లగాడు బస్సెక్కి, సీటు సీటుకూ ఒక రంగుల కాగితం పంచి, బండి కదిలేలోపే దిగిపోయాడు. చిట్యాల దగ్గర ఎక్కడో ప్లాట్లట. పైన పెద్ద అక్షరాలతో "హయత్‌నగర్ మెట్రో స్టేషన్‌కు కూతవేటు దూరంలో" అని ఉంది. చిట్యాలలో కూస్తే హయత్‌నగర్‌లో వినపడాలంటే ఎంత గొంతు కావాలో ఆ వెంచర్ వాళ్లకే తెలియాలి. ఒక్క పిల్లర్ కూడా లేవని స్టేషన్‌ను చూపించి గజాల లెక్కన భూమి అమ్మడం మనకు కొత్తేమీ కాదు కాబట్టి దాన్ని మడిచి జేబులో పెట్టుకునేవాణ్ణే. ఆ కాగితం మీది బొమ్మ చూసి ఆగాను.

బొమ్మలో రైలు రోడ్డు మీదే ఉంది. మనుషులు నడిచే ఎత్తులోనే, పట్టాల మధ్య గడ్డి పెంచిన దారిలో, అద్దాల రైలు ఒకటి నిలబడి ఉంది. ఏ దేశానిదో, లైట్ రైల్ అంటారు దాన్ని. ఒక ముసలామె చక్రాల సంచి లాక్కుంటూ ఇంటి గడప దాటినట్టు దాంట్లోకి అడుగు పెడుతోంది. హయత్‌నగర్‌కు రాబోయేది అది కాదని ఆ కాగితం అచ్చువేసినవాళ్లకు తెలుసో లేదో. మనకు వచ్చేది ఎప్పటిలాగే పిల్లర్ల మీద, రోడ్డుకు రెండంతస్తుల పైన వస్తుంది. ఆ ముసలామె మా హయత్‌నగర్‌లో ఎట్లా ఎక్కుతుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. వనస్థలిపురం దాటింది. కండక్టర్ కేక వినపడింది.

"మెట్రోకు పొయ్యేటోళ్లు ఈడ దిగుండ్రి! ఎల్బీనగర్, ఎల్బీనగర్!"

నేను దిగాను. నాతో పాటు ఒక పదిహేను మంది దిగారు. అందరి వీపులకూ బ్యాగులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. కింద నిలబడి వెనక్కి తిరిగి చూస్తే బస్సు సగానికి పైగా అట్లాగే నిండి ఉంది. ఈ సంగతి మీద ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నాను, ఆ రంగుల కాగితం పుణ్యమా అని ఇవాళ కూర్చున్నాను.

బస్సులో మిగిలేది ఎవరు

పదిహేనేళ్లుగా వారానికి రెండుసార్లు ఈ దారిలో తిరుగుతున్నాను. సోమవారం పొద్దున రావడం, శనివారం సాయంత్రం పోవడం. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేటకు మెట్రో మొదలైనప్పుడు మా రూమ్మేట్‌తో పందెం కూడా కాశాను, ఇంకో ఏడాదిలో నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ జనం ఎవరూ ఎల్బీనగర్ దాటి బస్సులో పోరని. ఎందుకు పోతారు? దిల్‌సుఖ్‌నగర్ ఉంది, మలక్‌పేట రైలు బ్రిడ్జి ఉంది, చాదర్‌ఘాట్ ఉంది. వానాకాలంలో ఆ బ్రిడ్జి కింద బస్సు నిలబడితే టిఫిన్ తిని వచ్చి మళ్లీ ఎక్కొచ్చు. పైన రైలేమో పావుగంటలో ఎంజీబీఎస్, అదే పెద్ద బస్టాండు, చేరుస్తుంది.

పందెం ఓడిపోయాను. సగం మందే దిగుతున్నారు. మిగిలే సగం ఎప్పుడూ ఒకే రకం మనుషులు. బియ్యం సంచి కాళ్ల మధ్య పెట్టుకున్న ఆమె, కొడుకు ఇంటికి పోతుంది. ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకున్న ముసలాయన. చంటిపిల్లతో బాలింత, ఆమె తల్లి, రెండు బట్టల మూటలు. పెళ్లి బట్టలకు పోయే నలుగురైదుగురు ఆడవాళ్లు. వీళ్లలో చాలామందికి మెట్రో తెలియక కాదు. ఒకామెను అడిగాను కూడా. "తెల్సు నాయనా, మా మనుమడు తీస్కపోయిండు ఒకసారి, సల్లగుంటది. గని ఈ మూటలేసుకొని గా మెట్లెవరెక్కుతరు? ఈడైతే కూసున్న కాడ్నే కోఠి దగ్గర్ల దింపుతడు" అంది.

ఇంకో కారణం ఆమె చెప్పలేదు గాని చేతిలోనే ఉంది, జీరో టికెట్. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. నల్లగొండలో ఎక్కినామె ఎంజీబీఎస్ దాకా రూపాయి లేకుండా రావచ్చు. ఎల్బీనగర్‌లో దిగి పైకెక్కితే ఆ నిమిషం నుంచి మీటరు తిరుగుతుంది. మెట్రోలో అందరిదీ టికెట్టే. సిటీలో మెట్రో ఎక్స్‌ప్రెస్ అనే బస్సు ఉచితం, మెట్రో రైలు కాదు. ఈ తేడా మా అమ్మకు ఇప్పటికీ ఎక్కదు. ఉచిత బస్సు వచ్చాక మెట్రోకు ఆడవాళ్లు తగ్గారని, మెట్రో కట్టి నడిపిన ఎల్ అండ్ టీ వాళ్లు 2024లో బయటకే అన్నారు. వాళ్లకది నష్టం లెక్క. బస్సులో కూర్చున్న ఆమెకు ఆ మిగిలిన డబ్బుతో మనుమడికి బిస్కెట్ పుడా వస్తుంది.

హయత్‌నగర్ వస్తే ఏమవుతుంది

మెట్రో రెండో దశలో మొదటి భాగం అయిదు దారులు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు. అందులో అన్నిటికన్నా చిన్న ముక్క మాదే. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా 7.1 కిలోమీటర్లు, ఆరు స్టేషన్లు. 2024 చివర్లో కాగితాలు ఢిల్లీకి పోయాయి. ఇప్పటి మెట్రోను ఎల్ అండ్ టీ వదిలేసి రాష్ట్రమే తీసుకోవాలని 2025 సెప్టెంబరులో ఇద్దరూ సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. ఇదంతా పేపర్లో మీరు చదివిందే.

ఎప్పుడు వస్తుందంటే నేను చెప్పను. మొదటి దశనే తీసుకోండి. 2008లో మైటాస్ కంపెనీకి ఇచ్చారు, 2009లో రద్దయింది, 2010లో ఎల్ అండ్ టీ చేతికి పోయింది, మేం ఎల్బీనగర్‌లో ఎక్కింది 2018లో. రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకని 2022 డిసెంబరు 9న శంకుస్థాపన చేసిన లైను ఏడాది తిరిగేసరికి దారే మారిపోయింది. శంకుస్థాపన రాళ్లకు ప్లాట్‌ఫారం కడితే మా రైలు ఇప్పటికే ఆగేది. అయినా ఏదో ఒకరోజు వస్తుందనే నమ్ముతున్నాను, రావాలనే కోరుకుంటున్నాను. పెద్ద అంబర్‌పేట దాకా, ఔటర్ రింగు రోడ్డు కలిసే దగ్గరి దాకా పొడిగించకుండా హయత్‌నగర్‌లోనే ఎందుకు ఆపుతున్నారన్నది నా కోపం, దాని గురించి ఇంకోసారి.

ఇప్పుడు నా భయం వేరే. హయత్‌నగర్‌లో మెట్రో మొదలైన మర్నాడు ఎవరో ఒకరు లేచి, "ఇక జిల్లా బస్సులు సిటీలోకి ఎందుకు? హయత్‌నగర్‌లోనే తిప్పేయండి, ట్రాఫిక్ తగ్గుతుంది" అంటారు. నాకు తెలిసి ఇప్పటిదాకా అధికారికంగా అట్లా ఎవరూ అనలేదు. కానీ వనస్థలిపురం దగ్గర జిల్లా బస్సులకు టెర్మినల్ అనే మాట ఏళ్లుగా నలుగుతూనే ఉంది, మా ఆఫీసులో లంచ్ దగ్గర ఈ మాట వచ్చిన ప్రతిసారీ సిటీ వాళ్లంతా అవునవునంటారు. వినడానికి ఎంత సబబుగా ఉంటుందో! నేను కూడా చాలాకాలం తలూపాను. ఇప్పుడు నా మాట ఒకటే: మెట్రో హయత్‌నగర్‌కు రావాలి, మా బస్సు మాత్రం హయత్‌నగర్‌లో ఆగకూడదు. కనీసం, నల్లగొండలో కొట్టిన టికెట్ హయత్‌నగర్‌లో పైకెక్కాక కూడా చెల్లేదాకా ఆగకూడదు.

లెక్క చూడండి. 2025 మేలో పెరిగిన మెట్రో ఛార్జీలు తగ్గింపు పోను కనిష్ఠం 11, గరిష్ఠం 69 రూపాయలు. హయత్‌నగర్ నుంచి ఎంజీబీఎస్ అంటే దాదాపు పదిహేను కిలోమీటర్లు, ఇప్పటి రేట్లే ఉన్నాయనుకున్నా మనిషికి యాభైకి అటూ ఇటూగా పడుతుంది. ఇవాళ సున్నాతో పోయే తల్లీ కూతురు రానూపోనూ రెండువందలు తీయాలి. మెట్రో వచ్చాక ప్రయాణం ఖరీదయింది అని మొదట అనబోయేది మా బస్సులోని ఆ వెనక సగమే. అసలు వాళ్లకు ఖర్చు పెంచిన సంగతి ఏ నివేదికలోనూ కనపడదు, ఎందుకంటే ఆ నివేదికలో వాళ్లు "మెట్రోకు మారిన ప్రయాణికులు" అవుతారు. సంఖ్య బ్రహ్మాండంగా ఉంటుంది.

అమ్మ మోకాళ్లు

మా ఊరు మునుగోడు వైపు. ఆ వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల నడక చూస్తేనే ఏ ఊరివాళ్లో చెప్పొచ్చు. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మా పేరే పెట్టారు. అంత గొప్ప పేరు. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి గాని, అమ్మ మోకాళ్లలోకి అప్పటికే చేరాల్సింది చేరింది.

రెండేళ్ల కింద ఆమెను పంజాగుట్ట పెద్దాసుపత్రికి తీసుకుపోతూ, తెలివిగా, ఎల్బీనగర్‌లో దింపి మెట్రో ఎక్కించాను. నేనే దింపాను. ఆమె "బస్సుల్నే పోదాం బిడ్డా" అంటూనే ఉంది. బస్సు ఆగిన చోటి నుంచి స్టేషన్ దాకా నడిపించడానికే పది నిమిషాలు పట్టింది. ఆ చౌరస్తా మీకు తెలుసు కదా, పైన ఒకటి, కింద ఒకటి, బండ్లకు మాత్రం ఎన్ని దారులో. లిఫ్ట్ ఎక్కడుందో చూడకుండా నేను ఎస్కలేటర్ దగ్గరికి తీసుకుపోయాను, అది నా తప్పే. దాని ముందు నిలబడి అమ్మ కిందికి చూస్తోంది. మెట్టు పుట్టడం, పైకి పోవడం, ఇంకో మెట్టు పుట్టడం. కుడికాలు లేపుతుంది, అది వచ్చేలోపు మెట్టు పోతుంది, కాలు దించుతుంది. బావిలో చేద వేసేటప్పుడు తాడు చూసినట్టు చూస్తోంది. వెనక జనం ఆగారు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరి ఫోన్లు వాళ్లు చూసుకుంటున్నారు. చివరికి అమ్మే పక్కకు జరిగి "పోనియ్యిరా వాళ్లను, డ్యూటీలకు పోతుండ్రు" అంది. తర్వాత లిఫ్ట్ వెతికాం.

రైలెక్కాక బాగుంది. బాగుందంటే మామూలుగా కాదు. చల్లగా ఉంది, ఒకమ్మాయి లేచి సీటిచ్చింది, మూసీ మీద నుంచి పోతుంటే అమ్మ కిటికీకి మొహం ఆనించి "ఇదేనా మన మూసీ, కేతేపల్లి కాడ ఎంతుంటది, ఈడ మోరీ లెక్కున్నది" అంది. ఇరవయ్యేళ్లలో అంత హాయిగా సిటీ చూడలేదంది. కానీ దిగాల్సిన చోట నేను తొందరలో రోడ్డుకు ఇటువైపు దారి పట్టాను, ఆసుపత్రి అటువైపు. మళ్లీ పైకి, మళ్లీ అటు. ఓపీ దగ్గరికి చేరేసరికి మా ముందు లైను గేటు దాకా వచ్చింది.

తిరుగు ప్రయాణంలో అమ్మ ఒక్క మాటే అంది. "రైలు మంచిదే. ఎక్కుడు దిగుడే కష్టం."

అప్పటినుంచి ఏ స్టేషన్ డిజైన్ చూసినా నా కళ్లు రైలు వైపు పోవు. బస్సు ఎక్కడ ఆగుతుంది, అక్కణ్ణించి లిఫ్ట్ గుమ్మం ఎన్ని అడుగులు, మధ్యలో ఎన్ని రోడ్లు దాటాలి అని చూస్తాను. ఊహాచిత్రాల్లో ఇవేవీ ఉండవు. నీలం ఆకాశం, ఒక చెట్టు, తెల్లచొక్కాలో ఒకాయన, ల్యాప్‌టాప్ బ్యాగు. మూట ఉన్న మనిషిని ఊహాచిత్రంలో ఎప్పుడైనా చూశారా?

ఆ కాగితం మీది లైట్ రైల్ బొమ్మ నన్ను పట్టుకున్నది ఇందుకే. నేల మీద ఉంటే ఎక్కుడు దిగుడు బాధే లేదు. మరి మన దగ్గర ఎందుకు వేయరు అని ఆవేశంగా ఒక పేరా రాసి కొట్టేశాను, ఎందుకంటే హయత్‌నగర్ రోడ్డు మీద పొద్దున పూట ఐదు నిమిషాలు నిలబడితే జవాబు దొరుకుతుంది. రాంగ్ రూట్లో వచ్చే బైకులు, యూటర్న్ కొట్టే ట్రాక్టర్లు, విజయవాడ లారీలు. అక్కడ నేల మీద రైలు పెడితే డ్రైవర్ బెల్లు కొట్టి కొట్టి చెయ్యి పడిపోతుంది. కలకత్తాలో 1873లో మొదలైన ట్రాములే రోడ్డు మీద చోటు దొరక్క కునారిల్లాయి. కాబట్టి పైనే రానివ్వండి. కింద నుంచి పైకి పోయే ఆ ముప్పై అడుగులు ఎవరి కోసం కడతారన్నదే అసలు సంగతి.

ఉప్పల్ చెప్పే మాట

వరంగల్ వాళ్లకు ఉప్పల్ ఎట్లాగో మాకు ఎల్బీనగర్ అట్లా. ఉప్పల్‌లో మెట్రో 2017 నవంబరులో వచ్చింది. నాలుగు రోడ్లు దాటి బస్సుల దగ్గరికి పోయేందుకు పైనుంచి నడిచే దారి, స్కైవాక్, 2023 జూన్‌లో వచ్చింది. మధ్యలో ఐదున్నరేళ్లు. అన్నేళ్లు వరంగల్ బస్సు దిగినవాళ్లు ఆ చౌరస్తాలో బండ్ల మధ్య చెయ్యి చూపిస్తూ పరిగెత్తారు. వచ్చిన తర్వాత బాగుంది, గుండ్రంగా, అందంగా కట్టారు, నేను కాదనను. కానీ రైలును ముందు కట్టి మనిషి దారిని ఐదేళ్ల తర్వాత కడితే, ఆ ఐదేళ్లలో అలవాటు తప్పినవాళ్లు మళ్లీ రారు.

ఎంజీబీఎస్ దీనికి ఎదురు. అక్కడ బస్టాండులోంచి పైనుంచే మెట్రోలోకి నడిచిపోవచ్చు, రోడ్డు దాటే పనే లేదు. అంటే చేతగాక కాదు. చేయాలనుకున్న చోట చేశారు.

2017 మెట్రో విధానంలో కేంద్రం ఒక మంచి మాట రాసింది. ప్రతి స్టేషన్‌కు అటూ ఇటూ ఐదు కిలోమీటర్ల మేర జనం స్టేషన్‌కు చేరేందుకు ఫీడర్ బస్సులు, నడక దారులు చూపించాలని. మంచిదే. కానీ చివరి స్టేషన్ లెక్క వేరు. హయత్‌నగర్‌కు వచ్చేవాళ్లు ఐదు కిలోమీటర్ల అవతల వాళ్లు కారు, యాభై, వంద కిలోమీటర్ల అవతల వాళ్లు. నార్కట్‌పల్లి, నకిరేకల్, మిర్యాలగూడ, కోదాడ. ఊరి చివర కట్టే స్టేషన్‌కు ఊరి బయటి జనమే సొంత జనం. పాలమూరు వాళ్లకూ ఇదే కథ. ఎయిర్‌పోర్టు లైను ఆరాంఘర్ మీదుగా పోతుంది కాబట్టి రేపు షాద్‌నగర్, జడ్చర్ల బస్సులకు ఆరాంఘర్ వాళ్ల ఎల్బీనగర్ అవుతుంది. కూలికి మూటా ముల్లె, పిల్లాజెల్లాతో దిగే జనం ఉన్న దారి అది. అక్కడ మెట్ల దగ్గర సంచి స్కానింగ్ మిషన్ ఎంత వెడల్పు పెడతారో నాకు చూడాలని ఉంది.

మా బామ్మర్ది ఒప్పుకోడు

ఇక్కడిదాకా చదివి మీరు నా పక్షం అయి ఉంటే ఆగండి, మా బామ్మర్ది మాట వినాలి. ఆర్టీసీలో డ్రైవర్, ఈ రూట్లోనే. పండక్కి వచ్చినప్పుడు ఇదంతా చెబితే అన్నం తినడం ఆపి మరీ వాదించాడు.

"బావా, నువ్వు సీట్ల కూసొని ఆలోచిస్తున్నవ్. నేను స్టీరింగ్ కాడ. నల్లగొండ నుంచి హయత్‌నగర్ ఒక డ్యూటీ, హయత్‌నగర్ నుంచి ఎంజీబీఎస్ ఇంకో డ్యూటీ. కిలోమీటర్లల్ల ఏడో వంతు, తన్లాటల సగం. క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు పోయింది నాది గూడ, మీ అమ్మొక్కదానిదే గాదు. కేఎంపీఎల్, అంటే లీటరుకొచ్చే కిలోమీటర్లు, తగ్గిందని డిపోల నన్నే అడుగుతరు. హయత్‌నగర్ల మలుపుకున్ననంటే అదే బండి రోజుకు ఇంకో సింగిల్, ఒక దిక్కు ట్రిప్పు, కొడతది. జనం నిలబడి వస్తున్నరు గద, బండ్లు సాలయి గద, ఆ సింగిలెవరికి? మీ మునుగోడోళ్లకే."

దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు, ఇప్పటికీ. బస్సులు చాలకపోవడం నిజం. మహాలక్ష్మి వచ్చాక సోమవారం పొద్దున నార్కట్‌పల్లిలో ఎక్కితే నిలబడే చోటు కూడా ఉండదు. ఆ బస్సు మలక్‌పేట బ్రిడ్జి కింద ముప్పావుగంట పొగ పీల్చుకుంటూ నిలబడే బదులు వెనక్కిపోయి ఇంకో యాభై మందిని తెస్తే మంచిది కాదా? మంచిదే. అతని మోకాలు కూడా మోకాలే.

నేనన్నదొకటే. "సరే, మలుపుకో. కానీ నీ బండిలో జీరో టికెట్ తీసుకున్నామె పైన మెట్రో ఎక్కితే ఆ టికెట్టే చూపించి పోనివ్వాలి. నీ బస్సు మెట్ల కింద రోడ్డు మీద కాకుండా స్టేషన్ కడుపులోకి వచ్చి లిఫ్ట్ ముందర ఆగాలి. అప్పుడు మలుపుకో, నేనే కొబ్బరికాయ కొడతా." దానికి వాడు నవ్వి, "గవన్నీ అయ్యేటివేనా బావా? బండి మలపమని ఆర్డరొక్కటే వస్తది. తక్కినయి పరిశీలనల ఉంటయి" అన్నాడు. అప్పటిదాకా నాకు ఎదురు వాదించినవాడు తెలియకుండానే నా భయమే నాకు చెప్పాడు.

ఇంకో చిక్కు ఉంది, పొద్దు సంగతి. ఓపీ చీటీ ముందు దొరకాలని మా ఊళ్లవాళ్లు తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుంటారు. మెట్రో మొదటి రైలు ఆరింటికి. రాత్రి పదకొండు దాటితే రైలు లేదు. బస్సును హయత్‌నగర్‌లో ఆపేస్తే అర్ధరాత్రి సిటీలో పెళ్లి చూసుకుని వచ్చేవాళ్లు ఆటోవాణ్ణి బతిమాలుకుంటూ హయత్‌నగర్ రావాలి, ఆటోవాడు ఆ పూట ఎంతంటే అంత. కాబట్టి పగలు కొన్ని సర్వీసులు హయత్‌నగర్ దాకా, పొద్దునా రాత్రీ అన్నీ ఎంజీబీఎస్ దాకా అనొచ్చు. ఇట్లా ఆలోచించుకుంటూ పోతే మొదట నేను గట్టిగా అన్న "ఆగకూడదు" కొంచెం వంగుతోందని నాకూ తెలుస్తోంది. వంగనివ్వండి. టికెట్ మాట, లిఫ్ట్ మాట మాత్రం వంగవు.

ఎవరైనా నన్ను అడగొచ్చు, నువ్వు ఎల్బీనగర్‌లో దిగి వెనక్కి చూసుకోకుండా పోయేవాడివే కదా, నీకెందుకు ఇదంతా అని. నిజమే. హయత్‌నగర్ స్టేషన్ వస్తే మొట్టమొదట బాగుపడేది నేనే, సోమవారం పొద్దున ఇంకో ఇరవై నిమిషాలు ఎక్కువ పడుకుంటాను. చౌరస్తాలో శ్రీకాంతాచారి విగ్రహం కనపడగానే బ్యాగు భుజాన వేసుకోవడం నాకు అలవాటు. మా జిల్లా పిల్లగాడు, 2009లో ఆ చౌరస్తాలోనే ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. కొత్త స్టేషన్ వస్తే ఆ విగ్రహం దాకా రాకుండానే దిగిపోతాను. కానీ ఇంకో పదేళ్లకు నా మోకాళ్లు కూడా అమ్మవే అవుతాయి, తాగింది ఆ నీళ్లే కదా.

ఇదంతా రాసి నిన్న రాత్రి బామ్మర్దికి వాట్సాప్‌లో పంపాను. పొద్దున దాకా నీలం టిక్కులు రాలేదు. పదింటికి ఫోన్ చేశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో బండి చెడిపోయిందట, మెకానిక్ కోసం ఎదురుచూస్తూ రోడ్డు పక్కన కూర్చుని చదివాడట. "మంచిగనే రాసినవ్ బావా" అన్నాడు. వెనక ఎవరో ఆడమనిషి గొంతు, మెట్రోల పోతే ఎంతయితది, ఏ దిక్కెక్కాలె అని అతన్నే అడుగుతోంది. "ఉండు బావా, ప్యాసింజర్లను పైకి దోలొస్త" అని పెట్టేశాడు.